చెవికి కట్టుకున్న గంటలు



మొన్న ఆదివారం వీడియోలో ఘంటాకర్ణుడి కథ చెప్పాను. ఉన్న కాస్త సమయంలో కథ వరకే సరిపోయింది. అసలు ఆ కథ ఇప్పుడెందుకు ఎత్తుకున్నానో చెప్పలేదు. అది ఇక్కడ రాస్తున్నాను. నిజం చెప్పాలంటే కెమెరా ముందు చెప్పడానికి కొంచెం సిగ్గేసింది కూడా.

పోయిన నెల కూకట్‌పల్లిలో ఒక ఫ్లాట్‌లో మన శనివారం సత్సంగం జరిగింది. విష్ణు సహస్రనామం అయింది, హారతి అయింది, అందరం కింద కూర్చుని విస్తరాకు ప్లేట్లలో పులిహోర తింటున్నాం. ఆ ఫ్లాట్‌లోనే ఉండే ఇద్దరు కుర్రాళ్లు పక్కపక్కన కూర్చున్నారు. ఇద్దరికీ ఒకటే ఆఫీసు, ఒకటే క్యాబ్. ఒకడు కొత్తగా మ్యాక్‌బుక్ కొన్నాడు, ఈఎంఐల మీద. రెండోవాడు లైనక్స్ మనిషి, లాప్‌టాప్ మూత మీద పెంగ్విన్ బొమ్మ అంటించుకున్నాడు. మొదలైంది వేళాకోళంగానే. "డబ్బులిచ్చి మరీ సంకెళ్లు కొనుక్కున్నావు" అన్నాడు వీడు. "నీకు వైఫై పనిచేయించుకోడానికే ఒక ఆదివారం పడుతుంది" అన్నాడు వాడు. అందరం నవ్వాం, నేనూ నవ్వాను. ఇంకో ఇద్దరు చేరారు. చివరికి మ్యాక్ కుర్రాడు, "కొనే స్తోమత లేనివాళ్లే సిద్ధాంతాలు చెప్తారు" అనేశాడు.

లైనక్స్ కుర్రాడు ఏమీ అనలేదు. చేతిలో ప్లేటు కింద పెట్టాడు, లేచాడు, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆ ఫ్లాట్ వాడిదే, అయినా వాడే బయటికి వెళ్లాడు. ప్రసాదం సగం అలాగే ఉంది.

మ్యాక్ కుర్రాడు నా వైపు తిరిగి, "అన్నా, మీరే చెప్పండి, ఇందులో అంత ఫీలవ్వాల్సింది ఏముంది?" అన్నాడు. నా దగ్గర జవాబు ఉంది. చెప్పలేకపోయాను. ఎందుకో చివర్లో చెప్తాను.

ముందు ఈ గొడవ సంగతి చూద్దాం. ఇది నిన్నా ఇవాళా పుట్టింది కాదు. 1984లో మాకింతోష్ వచ్చింది, మరుసటి ఏడాది విండోస్ మొదటి వెర్షన్ వచ్చింది. ఇక అప్పట్నుంచీ రెండు వర్గాలే. ఆపిల్ వాళ్లు గై కవాసాకి అనే ఆయన్ని పెట్టుకుని మాకింతోష్ గురించి ఊరూరా చెప్పించారు. ఆయన ఉద్యోగానికి వాడిన పేరు ఎవాంజలిస్ట్, అంటే మత ప్రచారకుడికి వాడే మాటే. ఇవాళ మన హైటెక్ సిటీలో కూడా ఆ పేరుతో ఉద్యోగాలున్నాయి, విజిటింగ్ కార్డు మీద వేసుకుంటారు. 1994లో ఇటలీ రచయిత ఉంబెర్టో ఎకో సరదాగా ఒక వ్యాసం రాశాడు, మ్యాక్ వాళ్లు క్యాథలిక్కుల్లాంటి వాళ్లు, డాస్ వాళ్లు ప్రొటెస్టంట్లలాంటి వాళ్లు అని. ఆయన మన ఊళ్లో పుట్టి ఉంటే శైవులు, వైష్ణవులు అని రాసేవాడు.

1997 ఆగస్టులో బోస్టన్‌లో ఒక సభ జరిగింది. ఆపిల్ అప్పుడు దివాలాకి దగ్గరలో ఉంది. వేదిక మీద స్టీవ్ జాబ్స్ నిలబడి, మైక్రోసాఫ్ట్ మన కంపెనీలో 15 కోట్ల డాలర్లు పెడుతోంది అని చెప్పాడు. వెనక పెద్ద తెర మీద బిల్ గేట్స్ ముఖం కనిపించింది. హాల్లో ఉన్న భక్తులు అరిచి గోల చేశారు. ఆ వీడియో ఇప్పటికీ దొరుకుతుంది, చూడండి. తమ ఇల్లు మునిగిపోకుండా డబ్బు తెచ్చినవాణ్ని చూసి అరుస్తున్నారు! జాబ్స్ వాళ్లకి నచ్చజెప్పాల్సి వచ్చింది, మనం గెలవాలంటే మైక్రోసాఫ్ట్ ఓడాలి అనే ఆలోచన ఇక వదిలేయాలి అని. అలా చెప్పింది ఎవరో కాదు, వాళ్ల దేవుడే. అయినా వాళ్లకి మింగుడు పడలేదు.

ఇక్కడే నాకు ఘంటాకర్ణుడు గుర్తొస్తాడు.

హరివంశంలో ఉంది ఈ కథ. ఘంటాకర్ణుడు ఒక పిశాచం. పరమ శివభక్తుడు. అంతవరకు బాగానే ఉంది. కానీ ఆయన భక్తిలో సగం శివుడి మీద ప్రేమ, సగం విష్ణువు మీద ద్వేషం. ఎంత ద్వేషమంటే, పొరపాటున కూడా విష్ణు నామం చెవిన పడకూడదని రెండు చెవులకీ గంటలు కట్టుకున్నాడు. తల ఊపితే గణగణమంటాయి, ఎవరేమన్నా వినపడదు. ఇప్పటి భాషలో చెప్పాలంటే నాయిస్ క్యాన్సిలింగ్ అన్నమాట. అలాంటివాడు శివుణ్ని మెప్పించి, నాకు ముక్తి ఇవ్వు స్వామీ అని అడిగాడు. శివుడు ఏమన్నాడు? ముక్తి కావాలంటే విష్ణువు దగ్గరికే వెళ్లు, బదరీకి పో అన్నాడు.

ఒక్కసారి ఆలోచించండి, ఎలా ఉండి ఉంటుంది ఆ క్షణం. జీవితమంతా ఎవరి కోసం పోట్లాడాడో, ఆయనే వచ్చి అవతలివాడి ఇంటి అడ్రస్ చెప్తున్నాడు. బోస్టన్ సభలో వాళ్లకి జరిగింది అదే. కాకపోతే ఘంటాకర్ణుడు వాళ్లకంటే మంచి భక్తుడు. గోల చెయ్యలేదు. బయల్దేరాడు.

వీడియోలో టైము లేక వదిలేసిన ముక్క ఒకటుంది. కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది అదే. ఆయన బదరీ చేరేసరికి అక్కడ శ్రీకృష్ణుడు ఉన్నాడు. కృష్ణుడు అక్కడ ఎందుకున్నాడు? కొడుకు కోసం శివుణ్ని ప్రార్థించడానికి కైలాసానికి వెళ్తూ దారిలో ఆగాడు. అంటే శివుడు తన భక్తుణ్ని విష్ణువు దగ్గరికి పంపాడు, ఆ విష్ణువేమో శివుడి దగ్గరికి నడుస్తున్నాడు! మధ్యలో ఈ పాపం పిచ్చివాడు చెవులకి గంటలు కట్టుకుని ఇన్నేళ్లూ వాళ్లిద్దరి తరఫున యుద్ధం చేశాడు. పెద్దవాళ్లకి లేని గొడవ వీడికెందుకు? కృష్ణుడు ఆ పిశాచాన్ని దగ్గరికి తీసుకుని అనుగ్రహించాడు. ఇప్పటికీ బదరీనాథ్‌లో క్షేత్రపాలకుడు ఘంటాకర్ణుడే. విష్ణు నామం వినను అన్నవాడు విష్ణు క్షేత్రానికి కాపలా.

ఇలాంటివి కంప్యూటర్ల లోకంలోనూ జరిగాయి. 2001లో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ లైనక్స్‌ని క్యాన్సర్‌తో పోల్చాడు. 2014లో ఆయన తర్వాత వచ్చింది మన హైదరాబాదులో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల. అదే ఏడాది మైక్రోసాఫ్ట్‌కి లైనక్స్ అంటే ప్రేమ అని, మధ్యలో గుండె బొమ్మ పెట్టి మరీ, తెర మీద చూపించాడు. రెండేళ్లకి విండోస్ లోపలే లైనక్స్ ప్రోగ్రాములు నడిచే ఏర్పాటు వచ్చింది. వ్యాపారం కోసమే చేశారు, నాకు తెలుసు, నేనేమీ అమాయకుణ్ని కాదు. అయినా 2001లో దాని కోసం స్నేహితులతో మాటలు మానేసినవాళ్ల సంగతేంటి? ఇక లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2022లో ఒక కొత్త కెర్నల్ వెర్షన్ విడుదల చేస్తే, అది చేసింది ఆపిల్ వాళ్ల మ్యాక్‌బుక్ ఎయిర్ మీద. అందులో నడుస్తున్నది లైనక్సే అనుకోండి. కానీ ఇనుము ఆపిల్‌దే కదా. కృష్ణుడు కైలాసం దారిలో ఉన్నాడు.

అయితే ఒక మాట. అన్నీ ఒకటేలే, ఏదైనా ఒకటే అని నేను అనడం లేదు. అలా అనడం సులభం, అందరికీ నచ్చుతుంది కూడా, కానీ అది అబద్ధం. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించినప్పుడు అడిగింది చిన్న ప్రశ్న కాదు. నా యంత్రంలో నడిచే ప్రోగ్రాము ఏం చేస్తోందో చూసే హక్కు, దాన్ని మార్చుకుని పక్కవాడితో పంచుకునే హక్కు నాకుందా లేదా అని. అది ధర్మానికి సంబంధించిన ప్రశ్నే. అలాగే కళ్లు సరిగా కనపడని మనిషి పెట్టె తెరిచిన నిమిషం నుంచి వాడుకునేలా ఒక వస్తువు తయారుచేయడమూ ధర్మమే. భేదాలు నిజంగా ఉన్నాయి. ఒకదాన్ని గట్టిగా పట్టుకోవడంలో తప్పు లేదు. మనకి ఇష్టదైవం అనే మాటే ఉంది కదా. గీతలో ఏడో అధ్యాయంలో స్వామి చెప్పిన దాని భావం ఏమిటంటే, ఎవడు ఏ రూపాన్ని శ్రద్ధగా కొలవాలనుకుంటాడో వాడికి ఆ రూపం మీదే శ్రద్ధ గట్టిపడేలా నేనే చేస్తాను అని. చెదరగొడతాను అనలేదు, గమనించండి.

వాదించుకోవడమూ తప్పు కాదు. లింగోద్భవం కథ మీ అందరికీ తెలుసు, శివరాత్రి అర్ధరాత్రి ఏటా వింటాం. బ్రహ్మ, విష్ణువు ఇద్దరూ నేను గొప్ప అంటే నేను గొప్ప అనుకున్నారు. మధ్యలో అగ్నిస్తంభం లేచింది. మొదలు చూడ్డానికి విష్ణువు వరాహమై కిందికి, కొన చూడ్డానికి బ్రహ్మ హంసై పైకి వెళ్లారు. ఇద్దరికీ దొరకలేదు. ఇక్కడ చాలామంది కథని తొందరగా దాటేస్తారు. బ్రహ్మకి శిక్ష పడింది గొప్పవాణ్నని వాదించినందుకు కాదు, ఆ వాదన విష్ణువు కూడా చేశాడు. కొన దొరకనందుకూ కాదు. దొరికింది అని అబద్ధమాడి, మొగలిపువ్వు చేత దొంగ సాక్ష్యం చెప్పించినందుకు. విష్ణువు తిరిగొచ్చి నాకు కనపడలేదు అని ఒప్పుకున్నాడు. ఇప్పటికీ శివపూజకి మొగలిపువ్వు పనికిరాదు. వాదనలో గెలవడానికి మన పక్షం తరఫున చిన్న అబద్ధం చెప్తాం చూడండి, మా దాంట్లో వైరస్ అనేదే ఉండదు, మాది ఎప్పుడూ హ్యాంగ్ కాదు లాంటివి, ఆ మాట నోట్లోంచి వస్తున్నప్పుడు చేతిలో మొగలిపువ్వు ఉన్నట్టే.

విష్ణువులా నిలబడినవాడు ఈ లోకంలో ఒకాయన ఉన్నాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆండ్రూ టానెన్‌బామ్ అనే ప్రొఫెసర్, విద్యార్థులకి పాఠం చెప్పడానికి 1987లో మినిక్స్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ రాశాడు. దాన్ని వాడి నేర్చుకున్న కుర్రాడే హెల్సింకీలో లైనస్. 1991లో తన సొంతది మొదలుపెట్టాడు, అప్పటికి 21 ఏళ్లు. 1992 జనవరిలో ఆ ప్రొఫెసర్ అందరూ చూసేచోట రాశాడు, నీ లైనక్స్ పద్ధతి కాలం చెల్లినది, నువ్వు నా క్లాసులో లేకపోవడం నీ అదృష్టం, ఉంటే దీనికి మంచి మార్కులు వచ్చేవి కాదు అని. లైనస్ కూడా తక్కువ తినలేదు, ఘాటుగా జవాబిచ్చాడు. తర్వాత మరీ దురుసుగా రాశానని క్షమాపణ కూడా చెప్పాడు. ఏ పద్ధతి మేలు అన్నది మాత్రం ఇద్దరూ వదల్లేదు.

పన్నెండేళ్లు గడిచాయి. 2004కి లైనక్స్ ప్రపంచమంతా పాకిపోయింది, మినిక్స్ పాఠ్యపుస్తకంలో మిగిలింది. అప్పుడు వాషింగ్టన్‌లోని ఒక సంస్థ తరఫున ఒకాయన పుస్తకం రాస్తూ, ఒక్క కుర్రాడు ఇంత పని చేశాడంటే నమ్మలేం, మినిక్స్ నుంచే కాజేసి ఉంటాడు అనే వాదన లేవదీశాడు. సాక్ష్యం కోసం ఎవరి దగ్గరికి వెళ్లాడు? ఈ ప్రొఫెసర్ దగ్గరికే. మొగలిపువ్వు దొరికే చోటు అదే కదా. ఒక్క మాట అవును అంటే చాలు, పన్నెండేళ్ల బాకీ తీరిపోయేది. టానెన్‌బామ్ ఆ మాట అనలేదు. తన సొంత వెబ్‌సైట్‌లో వివరంగా రాసి పెట్టాడు, లైనక్స్ లైనస్ సొంతంగా రాసిందే, నా కోడ్ దొంగిలించలేదు అని. పద్ధతి విషయంలో తన అభిప్రాయం మారలేదని కూడా అందులోనే చెప్పాడు. నాకు ఆ రెండో భాగం ఇంకా నచ్చింది.

మన తిక్కన సోమయాజి చేసింది కూడా ఇలాంటి నిలబాటే. పదమూడో శతాబ్దంలో శైవులకీ వైష్ణవులకీ పడని కాలంలో, ఆయన పదిహేను పర్వాల భారతాన్ని హరిహరనాథుడికి అంకితం ఇచ్చాడు. హరి, హరుడు ఒక్క రూపంలో. దీని మీద విడిగా వీడియో చెయ్యమని చాలామంది అడిగారు, కార్తీక మాసంలో చేస్తాను.

సరే, ఇక నా సంగతి.

2008. విజయవాడ దగ్గర ఇంజినీరింగ్ హాస్టల్. నేను అప్పట్లో లైనక్స్ అంటే పడి చచ్చేవాణ్ని. ఉబుంటు వాళ్లు అడిగితే సీడీలు ఉచితంగా పోస్టులో ఇంటికి పంపేవాళ్లు, నేను ఒక కట్ట తెప్పించుకుని గదిగదికీ పంచాను. ఎవడైనా విండోస్ అంటే చాలు, మెస్‌లో అన్నం చల్లారిపోయేదాకా వదిలేవాణ్ని కాదు. అప్పటికే సంధ్యావందనం చేసేవాణ్ని, గీత చదివేవాణ్ని. తమకి తెలిసిన పద్ధతిలో పని చేసుకుంటున్నవాళ్ల బుద్ధిని చెదరగొట్టవద్దని మూడో అధ్యాయంలో ఉందని కూడా తెలుసు. పరీక్షలో అడిగితే రాయగలను.

మా రూమ్మేట్‌కి ఒక పాత లాప్‌టాప్ ఉండేది. వాళ్ల నాన్నగారు కొనిచ్చింది. ఆయన సెకండియర్‌లో ఉండగా పోయారు. లాప్‌టాప్ బాగా నెమ్మదిగా నడిచేది, వైరస్‌లు పట్టి ఉన్నాయి. నేను రోజూ పోరు పెట్టేవాణ్ని, ఒక్క అరగంట ఇవ్వరా, లైనక్స్ వేసి చూపిస్తా, మళ్లీ విండోస్ ముఖం చూడవు అని. ఒకరోజు రాత్రి విసుగొచ్చి ఇచ్చేశాడు. సీడీ పెట్టాను. ఎక్కడ వెయ్యాలి అని అడిగే చోటు వస్తుంది. విండోస్ పక్కన ఉంచి వెయ్యొచ్చు, లేదా డిస్కు మొత్తం వాడుకోవచ్చు. నేను డిస్కు మొత్తం అన్నదాని మీద పెట్టాను. సగం సగం ఎందుకు, ఆ విండోస్ ఆనవాలే ఉండకూడదు అని. అది నా భక్తి.

వాడు వెనక మంచం మీద నుంచి, "ఆగరా, డి డ్రైవ్‌లో..." అన్నాడు.

"ఏం కాదులేరా" అన్నాను. వెనక్కి తిరగలేదు. నొక్కేశాను.

డి డ్రైవ్‌లో వాళ్ల నాన్నగారి ఫోటోలు ఉన్నాయి. పాత నోకియా ఫోన్‌లోంచి ఎక్కించుకున్న ఆయన గొంతు కూడా ఉంది, మూడో నాలుగో రికార్డింగులు. ఇంకెక్కడా కాపీ లేదు. మర్నాడు గవర్నర్‌పేటలో ఒక షాపుకి తీసుకెళ్లాం. నాలుగు రోజులు తిప్పారు. కొన్ని ఫోటోలు వచ్చాయి, పేర్లు లేకుండా అంకెలతో. కొన్ని పైన సగం బాగానే ఉండి కింద సగం బూడిద రంగు. గొంతు ఒక్కటి కూడా రాలేదు. బస్సులో తిరిగొస్తుంటే వాడు, "పర్లేదులేరా, నువ్వు కావాలని చేశావా" అన్నాడు. తర్వాత రెండేళ్లు అదే గదిలో ఉన్నాం. ఆ విషయం మళ్లీ వాడు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కాలేజీ అయ్యాక వాడు చెన్నై వెళ్లిపోయాడు, పండక్కి మెసేజ్‌లు, అంతే.

ఇందులో అంత ఫీలవ్వాల్సింది ఏముంది అని ఆ రోజు సత్సంగంలో కుర్రాడు అడిగితే నాకు నోరు రాకపోవడానికి కారణం ఇది. ఘంటాకర్ణుడి గంటలు నేను మ్యూజియంలో చూడలేదు. నా చెవులకే ఉండేవి. వాడి మాట ఆ గణగణలో సగమే వినపడింది.

సత్సంగం అయిన రాత్రి వాడికి ఫోన్ చేశాను. ఇన్నేళ్లకి మొదటిసారి ఆ డి డ్రైవ్ మాట ఎత్తాను. క్షమాపణ ఎలా చెప్పాలో ముందే అనుకుని పెట్టుకున్నాను, ఒక్కటీ గుర్తు రాలేదు. వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఒక సగం ఫోటో వచ్చింది చూడు, పెళ్లిలో తీసింది. అందులో ముఖం బాగానే ఉంది. అమ్మ దాన్నే కట్ చేయించి ఫ్రేమ్ కట్టించింది, హాల్లో ఉంది" అన్నాడు. గొంతు సంగతి నేనే అడిగాను. "అదే రా," అన్నాడు, "ఈమధ్య ఎలా ఉండేదో సరిగా గుర్తు రావట్లేదు." అంతకంటే పొడిగించలేదు. నేను ఏడ్చాను, వాడు ఏడవలేదు.

ఇప్పుడు ఏ లాప్‌టాప్ వాడుతున్నావురా అని అడిగాను, ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని. ఆఫీసువాళ్లు ఏదిస్తే అదే, పేరు చూడలేదు అన్నాడు. తర్వాత, వచ్చే వారం నాన్న ఆబ్దికం, ఊళ్లో పెడుతున్నాం, కుదిరితే రా, అమ్మ నిన్ను చాలాసార్లు అడిగింది అన్నాడు.

పెంగ్విన్ కుర్రాడు సత్సంగానికి ఇంకా రావట్లేదు. మ్యాక్ కుర్రాడు రెండుసార్లు సారీ చెప్పాడట, ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ వేర్వేరు క్యాబుల్లో వెళ్తున్నారని మిగతావాళ్లు చెప్పారు. ఇవాళ సాయంత్రం పులిహోర డబ్బా పట్టుకుని వాళ్లింటికి వెళ్తున్నాను. ఆ రోజు నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి ముందు నేను చెప్పుకోవాల్సింది ఉంది.

వచ్చే శనివారం సత్సంగం ఉండదు, నేను ఊళ్లో ఆబ్దికానికి వెళ్తున్నాను. ఆ పై శనివారం మామూలుగానే సాయంత్రం ఆరింటికి.

నమస్కారం.